పొద్దున్న మంచు, మధ్యాహ్నం మంచు

నవంబర్ 21, బాథెల్, వాషింగ్టన్ రాష్ట్రం

స్టీవెన్స్ పాస్‌లో లిఫ్టులు ఇంకా తిరగడం లేదు. గ్యారేజీలో గోడకి ఆనించిన రెండు జతల స్కీలూ దించి, అంచులు తుడిచి, మైనం పట్టించాను. ఒక జత నడుము 88 మిల్లీమీటర్లు, రెండోది 112. ప్రతి స్కీ మీదా మూడు అంకెలు అచ్చు వేసి ఉంటాయి: ముందు కొన, నడుము, తోక. కొనేవాళ్లంతా అడిగేది మధ్య అంకె గురించే. బూటు కింద ఉండే వెడల్పు అది. మెత్తటి మంచులో ఎంత తేలతామో, గట్టి మంచు మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకి ఎంత త్వరగా మారతామో చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ ఏడాది ఈ రెండింటికీ మధ్యలో ఒక జత వెతకాలి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి తొడుక్కోవాలంటే పార్కింగ్ దాకా దిగి మళ్లీ పైకెక్కాలి. కొనడం తర్వాత సంగతి. ముందు ఏ మంచు మీద ఎంతసేపు గడుపుతున్నానో రాసి పెట్టుకుంటాను.

డిసెంబర్ 6

ఒక లెక్క. 170 సెంటీమీటర్ల స్కీకి వెడల్పు 10 మిల్లీమీటర్లు పెంచితే వైశాల్యం దాదాపు 170 చదరపు సెంటీమీటర్లు పెరుగుతుంది. అదే స్కీకి పొడవు 5 సెంటీమీటర్లు పెంచితే పెరిగేది అరవై లోపే. తేలడానికి అందరూ వెడల్పు వైపే ఎందుకు పరిగెడతారో దీన్నిబట్టి తెలుస్తుంది.

కానీ ఈ లెక్కలో మనిషి బరువు లేదు. తొంభై కిలోల మనిషిని 112 ఎంత తేలుస్తుందో, అరవై కిలోల లోపున్న నన్ను దానికంటే బాగా సన్నని స్కీయే అంత తేలుస్తుంది. దుకాణాల్లో ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు. ఆడవాళ్లకి మాత్రం తప్పక చెప్పాలి. మగవాళ్ల బరువుకి సరిపోయిన సలహా విని మనం అక్కర్లేని వెడల్పు మోస్తున్నాం.

డిసెంబర్ 14, స్టీవెన్స్ పాస్

నాలుగున్నరకే లేచి కొండ మీది కొలతలు చూశాను. రాత్రికి రాత్రి 28 సెంటీమీటర్లు. హైవే 2 మీద సుల్తాన్, గోల్డ్ బార్, స్కైకోమిష్ దాటి 4,061 అడుగుల కనుమ చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది.

మొదటి పరుగులు 112 మీద. ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. ముందు కొనలు రెండూ మంచు పైన కనబడుతూ, కాళ్ల కింద చప్పుడనేది లేకుండా, మలుపు తిప్పాలనుకునే లోపే తిరిగిపోతూ.

పదకొండయ్యేసరికి తొక్కిన చోట గట్టిపడి, తొక్కని చోట మెత్తగా మిగిలి, కొండంతా తడి ఆరని దుక్కిలా తయారైంది. డబుల్ డైమండ్ కింద ఒక మలుపు ఇంకా కళ్లకి కట్టినట్టుంది. ఎడమ స్కీ ముందు కొన కుండంత గడ్డకి తగిలి అరడుగు పక్కకి నెట్టుకుపోయింది. అదే క్షణంలో కుడి స్కీ మెత్తటి గుంటలో దిగి వేగం పోగొట్టుకుంది. రెండు కాళ్లు రెండు వేగాల్లో. పక్కనే ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటారు, నా స్కీల కంటే సన్నవాటి మీద, బరువుగా, నింపాదిగా అదే దుక్కిని కోసుకుంటూ దిగిపోయారు. ఆయన స్కీ కొనలు గడ్డల్ని చీల్చుకుపోతున్నాయి, నావి గడ్డల మీదికెక్కి గెంతుతున్నాయి.

ఇక్కడ రెండు సంగతులు కలిసి పనిచేస్తున్నాయి. కొన వెడల్పయ్యేకొద్దీ గడ్డ తోయడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది. నా 112 తేలిక స్కీ, లోపల లోహం లేదు. ఆయన స్కీల్లో టైటానల్ రేకు ఉండి ఉండాలి. పేరుకి టైటానల్ గానీ అది అల్యూమినియం మిశ్రమలోహం. ఆ బరువే అదురుని మింగేస్తుంది. మిశ్రమ మంచుకి స్కీ ఎంచుకునేటప్పుడు వెడల్పు అడిగిన వెంటనే బరువు కూడా అడగాలి.

లిఫ్టు తెరిచాక పౌడర్, అంటే తొక్కని మెత్తటి మంచు, దొరికింది రెండు గంటలు. సాయంత్రం దాకా మిగిలింది దుక్కి.

డిసెంబర్ 15

ఒళ్లు నొప్పులు. ఇంట్లోనే ఉండి వెడల్పు స్కీల పాత కథ తిరగేశాను.

1980ల చివర్లో ఆస్ట్రియా కంపెనీ ఆటమిక్‌లో రూపర్ట్ హూబర్ అనే ఇంజనీర్ స్నోబోర్డుని చూసి వెడల్పాటి స్కీ ఊహించాడు. జనం దాన్ని ఫ్యాట్ బాయ్ అన్నారు. అప్పటి మామూలు స్కీల నడుము 65, 70 మధ్య. కెనడాలో హెలికాప్టర్లలో కొండలెక్కి దిగే యాత్రికులకి అది వరమైంది. తొడల్లో సత్తువ అయిపోయి మధ్యాహ్నానికే కూలబడేవాళ్లు సాయంత్రం దాకా నిలబడ్డారు.

తర్వాత స్కీయర్ షేన్ మెకాంకీ. అలాస్కా మంచు మీద నీటి స్కీలు కట్టుకుని దిగి చూశాడు. మెత్తటి మంచు గట్టి నేలలా కాక నీళ్లలా నడుచుకుంటుందని అతని వాదన. 2002లో వోలాంట్ కంపెనీ అతని ఊహని స్పాచ్యులా పేరుతో అమ్మింది. నడుము 125. మధ్యలో లావు, కొనల్లో సన్నం, రెండు చివర్లూ పైకి లేచి, అప్పటిదాకా ఉన్న స్కీకి అన్నిటా తలకిందులు. 2009లో ఇటలీ డోలమైట్స్‌లో కొండ కొమ్ము మీంచి స్కీలతో దూకే ప్రయత్నంలో మెకాంకీ చనిపోయాడు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు.

అతను మనకిచ్చింది 125 అన్న అంకె కాదని నా నమ్మకం. ఇచ్చింది ఆ పైకి లేచిన కొన, రాకర్. ఇవాళ్టి స్కీని చదును నేల మీద పెడితే బూటు కింద కొంచెం పైకి ఒంగి ఉంటుంది, అది క్యాంబర్. నొక్కితే చదునై అంచు గట్టిగా పట్టుకుంటుంది. ముందు కొన మాత్రం చివరికి చాలా ముందే నేల మీంచి లేచిపోతుంది. ఆ లేచిన కొన మంచులో దిగబడదు కాబట్టి, తేలడానికి ఒకప్పుడు కావలసినంత వెడల్పు ఇప్పుడు అక్కర్లేదు. రాకర్ వచ్చాక 100కి అటూ ఇటూ ఉన్న స్కీ పౌడర్‌లో ఇంకా బాగా పనికొచ్చింది.

జనవరి 8

రెండు రోజులు వాన. తర్వాత ఒక్క రాత్రిలో చలి బిగిసి కొండంతా గాజు. కాస్కేడ్స్ కొండల్లో ఇది ఏటా వచ్చేదే. సముద్రం దగ్గర, కనుమలు తక్కువ ఎత్తు. స్నోక్వాల్మీ అయితే 3,000 అడుగులే. నీరు గడ్డకట్టే మట్టం ఒక్క రోజులో కొండ శిఖరం దాకా ఎక్కి మళ్లీ దిగుతుంది.

88 మీద రోజంతా తిరిగాను. కుడి మోకాలు కిమ్మనలేదు. 112 మీద ఇలాంటి రోజు గడిపితే సాయంత్రం మెట్లు దిగేటప్పుడు లోపలివైపు సలుపుతుంది.

కారణం కొలతల్లోనే ఉంది. పెద్దవాళ్ల స్కీ బూటు అడుగు, వేళ్ల దగ్గర, ప్రమాణం ప్రకారం 69 మిల్లీమీటర్లు. 88 స్కీ ఒక్కో పక్క పది లోపే బయటికి ఉంటుంది. 112 అయితే ఇరవై దాటి. గట్టి మంచు మీద స్కీని ఒరగబెట్టినప్పుడు మంచు ఎదురు తోసేది అంచు దగ్గర, మనం నొక్కేది పాదం దగ్గర. ఆ దూరం పెరిగేకొద్దీ స్కీ మళ్లీ చదును కావాలని చూస్తుంది. ఒరిగి ఉంచడానికి కాలు మెలితిప్పాలి, ఆ మెలి పడేది మోకాలి మీద. మెత్తటి మంచులో స్కీ మొత్తం దిగబడుతుంది కాబట్టి ఎదురు తోపు అడుగంతా పరుచుకుంటుంది, ఈ బాధ ఉండదు. యాభై దగ్గరపడుతున్నవాళ్లు ఈ ఒక్క కారణానికే 110 పైన స్కీని రోజూ తొడుక్కోకూడదంటాను.

జనవరి 19

సాల్ట్ లేక్‌లో ఉండే స్నేహితురాలి ఫోన్. దగ్గర్లోని ఆల్టాలో మంచు పడుతోందట. వాళ్ల మంచులో సగటున నీరు ఎనిమిది శాతం చిల్లర. మా దగ్గర పది దాటుతుంది, ఒక్కోసారి చాలా దాటుతుంది.

తేలిక మంచుకే వెడల్పు కావాలి, బరువు మంచు తనే మోస్తుంది అనుకుంటే సగమే నిజం. ఎంత బరువు అన్నదానికంటే ఏ వరసలో పడిందన్నది ముఖ్యం. తుఫాను వెచ్చగా మొదలై చలితో ముగిస్తే కింద బరువు మంచు, పైన తేలిక మంచు. 96 మీద కూడా హాయిగా తేలతాం. చలితో మొదలై వెచ్చగా ముగిస్తే పైన బరువు పొర, కింద డొల్ల. స్కీ పై పొరని చీల్చుకుని దిగి లోపల ఇరుక్కుంటుంది. వెడల్పు నిజంగా రుణం తీర్చుకునేది ఆ రోజునే, పై పొర మీదే నిలబెడుతుంది కాబట్టి. 28 సెంటీమీటర్లు అన్న వార్త వినగానే రాత్రంతా ఉష్ణోగ్రత ఎటు నడిచిందో చూడాలి, అప్పుడే ఏ జత కారులో పెట్టాలో తెలుస్తుంది.

ఫిబ్రవరి 2

హైదరాబాద్ నుంచి పిన్ని కొడుకు మెసేజ్: "అక్కా, గుల్మార్గ్ వెళ్తున్నాం. అక్కడ వెడల్పువి అద్దెకి తీసుకోమంటున్నారు. తీసుకోనా?"

వాడు స్కీ ఎప్పుడూ తొడగలేదు. కింద మైదానం దగ్గర నేర్చుకునేవాళ్లకి 75, 80 చాలు, అంచు మార్చడం కాలికి అప్పుడే తెలుస్తుంది. గుల్మార్గ్ పేరు మోసింది మాత్రం పైభాగం వల్ల. గొండోలా రెండో దశ అఫర్వత్ మీద 3,900 మీటర్లు దాటి దింపుతుంది. అక్కడినుంచి కిందికి ఎక్కువ భాగం యంత్రం చదును చేయని మంచే. అక్కడ 105, 110 కావాలి, వాటితోపాటు హిమపాతాల సంగతి తెలిసిన గైడు కావాలి. "పైకి వెళ్లకు నాన్నా, ఈసారికి సన్నవే తీసుకో" అని రాశాను.

ఫిబ్రవరి 11, మౌంట్ బేకర్

1998-99 చలికాలంలో ఇక్కడ 1,140 అంగుళాలు కురిసింది. ఒక సీజన్‌లో కొలిచిన మంచుకి అది ప్రపంచ రికార్డు. ఇవాళ తొడల దాకా ఉంది. 112 తప్ప ఇంకేదీ వద్దు.

లోతైన మంచులో వెడల్పు ఒక ధైర్యం ఇస్తుంది, ఆ ధైర్యంతో చెట్ల మధ్యకి పోతాం. పెద్ద దేవదారు జాతి చెట్ల కింద కొమ్మలు అడ్డుకోవడం వల్ల మొదలు చుట్టూ మంచు వదులుగా, గొయ్యిలా ఉంటుంది. తలకిందులుగా పడితే సొంతంగా బయటికి రావడం దాదాపు అసాధ్యం. ఏ వెడల్పూ దానికి అడ్డు కాదు. ఇద్దరం ఒకరికొకరం కనబడేంత దూరంలోనే దిగాం, ఈలలు మెడలో వేసుకుని.

ఫిబ్రవరి 23, క్రిస్టల్ మౌంటెన్

అద్దెకి మూడు జతలు, ఒకే దారి. నాలుగు రోజుల కిందటి మంచు, ఎండ తగిలిన చోట పెచ్చు, నీడలో ఇంకా మెత్తన, అడుగున చదును చేసిన రోడ్డు. మిశ్రమం అంటే ఇదే.

ఫోల్కల్ మంత్ర, 96. చదును మీద రాణి. పెచ్చులో కొన దిగి రెండుసార్లు గుండె ఝల్లుమంది.

ఆన్‌త్రీపీ వుడ్స్‌మన్, 108. పోర్ట్‌లాండ్‌లో వెదురు గుండెతో చేస్తారు. నీడలో అద్భుతం. గట్టి మంచు మీద అంచు మార్చేటప్పుడు క్షణం ఆలస్యం, ఆ క్షణం నాకు కాలిలో తెలుస్తోంది.

నార్డికా ఎన్‌ఫోర్సర్, 104. ఒక మలుపు మెత్తనలో మొదలై పెచ్చు మీద ముగిసింది. ఆ సరిహద్దు దాటుతుండగా స్కీ బూటు కింద ఒక్కసారి గరగరమంది, అంతే, దారి తప్పలేదు. లోపలి లోహం పని అది. మధ్యాహ్నం మూడుకి కూడా కాళ్లలో ఇంకా బలముంది. నాకు కావలసింది ఇదే అని లిఫ్టులోనే తేల్చుకున్నాను.

మార్చి 9

కే2 కంపెనీ ఇక్కడి వాషన్ దీవిలోనే 1960ల్లో ఫైబర్‌గ్లాస్ స్కీలతో మొదలైంది. ఈ రాష్ట్రపు వైట్ పాస్‌లో పెరిగిన కవల సోదరులు ఫిల్, స్టీవ్ మేర్ 1984 సారయెవో ఒలింపిక్స్ స్లాలమ్‌లో స్వర్ణం, రజతం గెలిచింది ఆ స్కీల మీదే. పొడవాటి, సన్నటి, తిన్నని స్కీలు. పౌడర్‌లోనూ అప్పటివాళ్లు అలాంటివాటి మీదే దిగారు. వెడల్పు నైపుణ్యానికి బదులు కాదు. సరైన వెడల్పు నైపుణ్యాన్ని సాయంత్రం దాకా అలిసిపోనివ్వదు, దాని విలువ అదే.

మార్చి 22

ఆఫీసులో కరీంనగర్ కుర్రాడు లంచ్ దగ్గర పట్టుకున్నాడు.

"అక్కా, సేల్‌ల 118 ఉన్నయి, సగం ధరకే ఇస్తున్నరు. తీస్కుందునా?"

"ఎక్కువ ఎప్పుడు వెళ్తావ్ నువ్వు?"

"శుక్రవారం రాత్రి లైట్ల కింద. శనివారం జనం ఉంటరు గదా, పది దాటినంక పోత."

"అంటే పౌడర్ అయిపోయాక."

"అయిపోయినంకనే."

"మరి ఆ 118 ఎవరి కోసం?"

కాసేపు ఆలోచించాడు. ఎనభై ఐదు కిలోలు, చురుకైన కాళ్లు, మూడేళ్ల అనుభవం. 100 నుంచి 106 మధ్య, కొన రాకర్, బూటు కింద క్యాంబర్, లోహం ఉన్నది, తన ఎత్తుకి దగ్గర్లో పొడవు చూడమన్నాను. సేల్‌లో 118 ఎందుకు మిగిలిపోతాయో కూడా చెప్పాను: కొన్నవాళ్లు ఒక సీజన్ వాడి, ఏడాదిలో అలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే వస్తాయని తెలుసుకుంటారు.

ఏప్రిల్ 5

కరీంనగర్ కుర్రాడు 104 కొన్నాడు, నేనూ కొన్నాను. వాడి పాత బైండింగులు (బూటుని స్కీకి పట్టి ఉంచేవి) విప్పి కొత్త స్కీకి బిగించమని దుకాణంలో ఇస్తే బ్రేకులు 95 మిల్లీమీటర్లవని తేలింది. స్కీ ఊడిపోయినప్పుడు అంచుల పక్కనించి కిందికి దిగి మంచుని పట్టుకోవలసిన ఆ రెండు తీగలూ 104 నడుముని దాటలేవు, స్కీ పైనే ఆగిపోతాయి. వంచి సరిపెడదామా అని అడిగాడట, దుకాణంలో పనిచేసే అమ్మాయి ఒప్పుకోలేదు. మంచి పని చేసింది. అలాగని మరీ వెడల్పు బ్రేకులూ వద్దు, ఒరిగినప్పుడు మంచులో గీసుకుంటాయి. 110వి తెప్పిస్తున్నారు. అవి వచ్చే వారానికి వస్తాయి, బిగించడం ఒక గంట పని. ఏప్రిల్ మంచు మధ్యాహ్నానికి చక్కెర పలుకులా వదులవుతుంది కాబట్టి మొదటిసారి వాటిని తొడగడానికి పదిన్నరకి రమ్మన్నాను.