మిరపకాయ పుట్టినింట

మెక్సికో దేశమున, పోపోకాటెపెట్ల్ అను అగ్నిపర్వతమునకు తూర్పున నున్న ప్వేబ్లా నగరము "మోలే" యను పులుసునకు ప్రసిద్ధి. అచ్చటి వంటయింట నొక యవ్వ కోడితో దానిని వండుచు, తన పనిముట్లను మాకు చూపెను.

"కొమాల్" అను మట్టిపెనముపై నువ్వులు, ఎండుమిరపకాయలు వేయించెను. "మోల్కహేతే" యను మూడుకాళ్ల రాతికల్వమున లవంగములు నలిపెను. పిదప మోకాళ్లపై కూర్చుండి, "మెతాతే" యను వాలురాతిపై పొత్రమును నెట్టుచు మిరపకాయలు, బాదముపప్పు, ఎండుద్రాక్ష వెన్నవలె నూఱెను. ఆ ముద్దను కోడి యుడికిన రసముతో మట్టికుండలో కాచి, కొంచెము చాక్లెట్టు చేర్చి, ముక్కలపై పోసెను.

సోదరీమణులారా! ఆ రాయి మన సన్నికల్లునకు తోబుట్టువే. మిరపకాయకు ఆ దేశము పుట్టినిల్లు. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలలో వచ్చిన దానికి మనది మెట్టినిల్లు.

నేను రుచిని పొగడగా, అవ్వ నవ్వి తన మోకాళ్లు తడవుకొనెను. "నా కోడలు మరలో నూఱును. నేను వలదనను" అని దుబాసీచే చెప్పించెను.

2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయపు వంటను మానవజాతి వారసత్వముగా గుర్తించినది. ఆ గౌరవమున అవ్వ మోకాళ్లకును పాలు గలదు. మన యింట పచ్చడిని మెచ్చువారు నూఱిన చేతిని తలంచుచున్నారా?