కాక టార్చి లైటు

ఈ రోజు మందుల గురించి కాదు, వడ్ల ధర గురించి కాదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్న. రాయాల్నా వద్దా అని ఏడాది సంది ఆగిన.

మాది బాన్సువాడ దగ్గర, నిజాంసాగర్ కాలువ కింద బతుకు. యాసంగిల మా పిల్లకాలువ మీద వంతులు పెట్టుకుంటం. నా రెండెకరాలు నడుమ ఉంటయి. నా కింద, ఆఖర్ల, ఒక పెద్దమనిషిది ఎకరంన్నర. నేను ఆయన్ను కాక అంట. ఆయన బోరు ఎండిపోయి మూడేండ్లయింది. కాలువ నీళ్లే దిక్కు.

పోయిన యాసంగిల వరి పొట్టకొచ్చిన సమయం. నా వంతు శనివారం సాయంత్రంతోనే అయిపోయింది. రాత్రి పదింటికి పోయి చూస్తే నా కింది మూలకు రెండు మళ్లు ఎండినట్టే ఉన్నయి. కాలువల నీళ్లు కాక పొలం దిక్కు పోతున్నయి. ఎవరు చూస్తరు అనుకున్న. కాలువకు రెండు రాళ్లు, ఇంత గడ్డి అడ్డం పెట్టి నా మడువ తెరిచిన. నాలుగింటికి లేచి తీసేద్దాం అనుకున్న. నిద్ర పట్టింది. ఏడింటికి తెలివైంది.

ఆదివారం. తానం చేసి, తెల్ల అంగీ తొడుక్కుని, బైబిల్ పట్టుకుని చర్చికి పోయిన. పొయ్యే దారిలనే కాలువ. ఆగలే.

తిరిగి వస్తుంటే కాక గెట్టు మీద కూర్చున్నడు. పక్కన ఆ రెండు రాళ్లు తీసి పెట్టిండు. కోపానికి రాలే, తిట్టలే. ఒక్కటే మాటన్నడు. "మీ నాయన ఉన్నప్పుడు నేను ఒక్క రాత్రి గూడ కావలి పోలేదు బిడ్డా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా నాయన తన వంతు అయిపోంగనే తానే మడువ కట్టేసి, కాక ఇంటి ముందట నిలబడి "నీళ్లు నీ దిక్కు తిప్పిన" అని చెప్పి పోయెటోడు. కాకకు ఎన్నడు దేవుని వాక్యం చెప్పలే. కాక ఇప్పటికీ హనుమాన్ గుడికే పోతడు. గాని ఎక్కడ గెట్టు పంచాయతీ వచ్చినా "వాళ్ల నాయనను అడుగుండ్రి, ఆయన చెప్తే నిజమే" అనెటోడు. మా నాయన చేసిన ప్రసంగం ఏదన్న ఉంటే అదే.

నాయన మాకు డిచ్‌పల్లి కుష్టు దవాఖాన ముచ్చట చెప్పేటోడు. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్, 1907ల మెథడిస్టు మిషన్ తరఫున మన దేశం వచ్చిండ్రు. ఆ రోజులల్ల కుష్టు వచ్చినోన్ని సొంతోళ్లే ఊరి బయట పెట్టెటోళ్లు. ఆమె నిజామాబాద్‌ల వాళ్లకు వైద్యం మొదలుపెట్టింది. 1915ల డిచ్‌పల్లిల దవాఖాన తెరిచిండ్రు. దానికి పెద్ద ఎత్తున డబ్బులిచ్చింది ఎవరు? నిజామాబాద్ రాజా నర్సాగౌడ్, ఒక హిందువు. తర్వాత చాల్‌మూగ్రా గింజల నూనెతో చేసిన సూదిమందు వస్తే ఆమె దాన్ని గూడ వాడింది. 1932ల చనిపోయేదాక ఈ పనిలనే ఉన్నది.

నాకు చిన్నప్పుడు ఇది దవాఖాన కథ అనిపించేది. ఇప్పుడు వేరే తీరు అర్థమైతున్నది. ఎవ్వరు ముట్టని పుండ్లను ఆమె చేతులు ముట్టినయి. జనం ఆ చేతులను చూసిండ్రు. నా చేతులను గూడ జనం చూసిండ్రు, రాళ్లు పెట్టిన చేతులను.

ఆ వారం హోటల్ కాడ చాయ తాగుతుంటే ఒకాయన నాకు వినపడేటట్టే అన్నడు: "శనివారం రాత్రి దొంగ నీళ్లు, ఆదివారం ప్రార్థన. వీళ్లంతా ఇంతే." మాది చిన్న చర్చి, ఇరవై ఇండ్లు. అందుల ముసలమ్మలు, కూలికి పోయేటోళ్లు ఉన్నరు. వాళ్లు ఎవ్వరి నీళ్లు మళ్లించలే. తప్పు నాది, పేరు అందరిది. ఉప్పు కూరల కనపడది, లేకపోతే మాత్రం మొదటి ముద్దకే దొరికిపోతది. మా సంగతి గూడ అంతే.

తర్వాతి వంతు రోజు కాలువ మీద అందరి ముందట నా తప్పు ఒప్పుకున్న. ఆ తడిల నా వంతుల సగం కాకకు ఇడిచిన. అయినా ఆయన ఆఖరి మళ్లల్ల తాలు పోయింది. కొనుగోలు కేంద్రంల కాంటా పెడితే ముందటి యాసంగి కన్నా నాలుగు సంచులు తక్కువ. నేను నాలుగు సంచులు ట్రాలీల ఏసుకుని పోయిన. కాక రెండు దించుకున్నడు. రెండు వాపస్ పంపిండు. ఎందుకో చెప్పలే, నేను అడగలే.

ఈ యాసంగి నీళ్లు మళ్ల ఇడిసిండ్రు. నా వంతు అయిపోంగనే మడువ కట్టేసి, కాక ఇంటికి పోయి చెప్పి వస్తున్న, నాయన లెక్క. "సరే బిడ్డా" అంటడు. గాని రాత్రి పదింటికి నా పొలం కాడికెళ్లి చూస్తే కాలువ ఎంబడి ఆయన టార్చి లైటు ఇంకా తిరుగుతనే ఉన్నది. డెబ్బై ఏండ్ల మనిషి, సలిల.

ఆయనది తప్పు గాదు. మా నాయన ముప్పై ఏండ్లు సంపాయించిన నమ్మకాన్ని నేను ఒక్క రాత్రిల పారబోసిన. ఆ టార్చి లైటు ఆరిన నాడు మీకు మళ్ల రాస్త.