ఏరు అంటే నీళ్లు

మా అన్న కూతురు జి.ఎన్.ఎం. మొదటి సంవత్సరంలో ఒక పేపరు తప్పి, మార్చి నెలలో ఇంటికొచ్చింది. తప్పిన పేపరు నర్సింగ్ ఫౌండేషన్స్. "పునాదే పోయింది బాబాయ్, ఇంక ఇల్లేం కడతాను? నేను మళ్లీ వెళ్లను" అంది. మా వదిన ఏమీ అనలేదు. తెల్లారుజామున గంప పట్టుకుని ఇప్పపువ్వుకు వెళ్తుంటే పిల్ల కూడా వెనకాలే వెళ్లింది. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు నేను ఆమె పుస్తకం అడిగి తీసుకున్నాను.

నేను నర్సును కాను. భద్రాచలం ఏజెన్సీలో ఒక గిరిజన ప్రాథమిక పాఠశాలలో మాస్టర్ని. చదివింది డి.ఎడ్. మా ఊళ్లో ఇప్పటికీ దాన్ని టి.టి.సి. అనే అంటారు. పుస్తకం తెరిస్తే మొత్తం ఇంగ్లీషు. పదో తరగతి దాకా తెలుగులో చదివి, అంతకు ముందు ఇంట్లో కోయ భాషలో పెరిగిన పిల్ల. ఆమె నోటుబుక్కులో ప్రతి జవాబూ అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉంది, కామాలతో సహా. ఒక వాక్యం మీద వేలు పెట్టి అర్థం అడిగితే చెప్పలేకపోయింది. బట్టీ పట్టిన వాళ్లకు మధ్యలో ఒక పదం జారిపోతే మిగతాదంతా జారిపోతుంది. మా బడిలో ఎక్కాలు అప్పజెప్పే పిల్లల్లో ఇది రోజూ చూస్తాను.

మొదటి పాఠం నర్సింగ్ ప్రాసెస్. ఐదు మెట్లు: అసెస్‌మెంట్, డయాగ్నసిస్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఎవాల్యుయేషన్. అది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. "ఇది మా పాఠ్య పథకమే కదమ్మా" అన్నాను. పిల్లవాడికి ఇప్పటికే ఏమొచ్చో చూడాలి, ఎక్కడ ఆగిపోతున్నాడో తేల్చుకోవాలి, ఏం చెప్పాలో రాసుకోవాలి, చెప్పాలి, చివర అడిగి చూడాలి. రాకపోతే మళ్లీ మొదటికి. మాస్లో కూడా ఆ పుస్తకంలో కనబడ్డాడు. 1943లో ఆయన చెప్పిన అవసరాల మెట్లు మా డి.ఎడ్. మనోవిజ్ఞానంలోనూ ఉన్నాయి. ఆకలి తీరనిదే పిల్లవాడికి అక్షరం ఎక్కదని మాకు చెప్పారు. ఊపిరి, నీళ్లు, తిండి, నిద్ర కుదిరాకే రోగికి మిగతావి అని వీళ్లకు చెబుతున్నారు. పాత స్నేహితుడు ఎదురైనట్టు అనిపించింది. ఆ పిల్లకు మాత్రం అంత సంబరం కలగలేదు.

"డాక్టరు డయాగ్నసిస్ చెప్తారు కదా బాబాయ్, మళ్లీ నర్సు డయాగ్నసిస్ ఏంటి?" అని అడిగింది. ఆ పేపర్లో ఆమె తప్పు రాసిన ప్రశ్న అదే. దీనికి జవాబు పుస్తకం లేకుండానే నాకు తెలుసు. మా అమ్మ సంగతి చెప్పాను.

2009 వానాకాలం. అమ్మకు మలేరియా. వాంతులు, చలి. మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చి, జీపులో ఆసుపత్రికి చేర్చాం. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం. నేను బడికి వెళ్లాను, అన్న డబ్బుల కోసం ఊరికొచ్చాడు. ఒక రాత్రి, ఒక పూట ఆమె ఒక్కతే ఉంది. నేను వెళ్లేసరికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. "మీ అమ్మగారికి మతి తప్పుతోంది, మెదడుకు ఎక్కినట్టుంది, వరంగల్ తీసుకెళ్లండి" అన్నారు. ఎలా తెలిసిందంటే నర్సమ్మ చెప్పింది: "పొద్దున్నుంచి ఏరు, ఏరు అంటోంది సార్. ఏటికి పోతానంటోంది."

తెలుగులో ఏరు అంటే పారే వాగు. మా కోయలో ఏరు అంటే నీళ్లు.

అమ్మకు తెలుగు కొంచెం వచ్చు, సంతలో బేరం ఆడేంత. జ్వరంలో పడిన మనిషికి అది గుర్తురాదు, సొంత మాటే వస్తుంది. పెదాలు పగిలి ఉన్నాయి, నాలుక ఎండిపోయింది. నేను నీళ్లు పట్టాను. గుటక గుటకకూ ఆగి తాగింది. తర్వాత డాక్టరు గారు వచ్చారు. మీ పేరేంటి, ఇది ఏ చోటు, ఇప్పుడు పొద్దునా సాయంత్రమా అని నా చేత అడిగించారు. అన్నిటికీ సరిగ్గా చెప్పింది. పైగా దూడను ఎవరు కట్టేశారని నన్నే తిరిగి అడిగింది. వరంగల్ కాగితం పక్కన పెట్టారు. ఆరు రోజుల తర్వాత ఇంటికొచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది.

ఆ నర్సమ్మ మీద అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఈ పుస్తకం చదివాక ఆ కోపంలో సగమే మిగిలింది. ఫాల్సిపారం మలేరియాలో మాట తేడా రావడం నిజంగానే ప్రమాద సూచన. ఆమె అది గమనించింది, పైవాళ్లకు చెప్పింది. వార్డు నిండా రోగులు, ఆమె ఒక్కతే. తప్పింది మొదటి మెట్టు దగ్గర.

"ఇప్పుడు చెప్పు," అన్నాను పిల్లతో, "మీ నాన్నమ్మకు డాక్టరు డయాగ్నసిస్ ఏంటి?"

"మలేరియా."

"నర్సు డయాగ్నసిస్?"

కాసేపు ఆలోచించింది. "ఒంట్లో నీళ్లు తగ్గడం... వాంతుల వల్ల, జ్వరం వల్ల."

"దానికి రుజువేంటి?"

"పెదాలు ఎండడం, నాలుక ఎండడం. చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి పోతుంది. మూత్రం తగ్గుతుంది. నాడి వేగంగా ఉంటుంది." ఆగి మళ్లీ అంది, "నాన్నమ్మ నీళ్లడగడం."

అదే ఆ ప్రశ్నకు జవాబు. రోగం పేరు డాక్టరుది. ఆ రోగం వల్ల మనిషికి ఏం కరువైందో, ఏం చేసుకోలేకపోతున్నారో అది నర్సుది. రోగి చెప్పేది సబ్జెక్టివ్ డేటా, నర్సు చూసి, తాకి, కొలిచి తెలుసుకునేది ఆబ్జెక్టివ్ డేటా. ఈ రెండు పదాలకూ నిర్వచనాలు ఆమె నోటుబుక్కులో ముందునుంచీ ఉన్నాయి. నాన్నమ్మ మాత్రం వాటిలో లేదు.

తర్వాత రోజు నుంచి పొద్దున్న ఇప్పపువ్వు, సాయంత్రం చదువు. వైటల్ సైన్స్ అంటే ప్రాణం ఉన్న తీరు చెప్పే కొలతలు: ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు. పెద్దవాళ్లకు మామూలుగా 98.6 ఫారన్‌హీట్, అంటే 37 సెల్సియస్. నాడి నిమిషానికి 60 నుంచి 100. శ్వాస 12 నుంచి 20. రక్తపోటు 120/80 దరిదాపు. ఇవి ఆమెకు వచ్చు. కానీ ఎవరి చేతా పట్టుకుని లెక్కపెట్టినట్టు లేదు. మా అన్న చెయ్యి పట్టుకోమన్నాను. బొటనవేలు పెట్టింది. "పుస్తకంలో ఏముంది?" అంటే నాలుక్కరుచుకుంది. బొటనవేలికి సొంత నాడి ఉంటుంది, అవతలివాళ్లది లెక్కపెడుతున్నామనుకుని మనదే లెక్కపెట్టుకుంటాం. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు పెట్టాలి, బొటనవేలి వైపు మణికట్టు మీద. శ్వాస లెక్కపెట్టడానికి ఇంకో చిట్కా ఉంది. లెక్కపెడుతున్నామని చెబితే మనిషి ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని ఉండి, కళ్లతో ఛాతీని చూడాలి. మా అన్న మీద చేస్తే అన్న కనిపెట్టలేదు. పిల్ల మొదటిసారి నవ్వింది.

టీచర్లు కూడా నేర్చుకోవలసింది ఒకటి ఇందులో ఉంది. దగ్గు, జలుబు ఉన్న పసిపిల్ల పడుకున్నప్పుడో, ఏడవకుండా ఉన్నప్పుడో గడియారం చూసి పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండని బిడ్డకు 60 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 గాని ఆపైన గాని ఉంటే, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 గాని ఆపైన గాని ఉంటే అది వేగం. న్యుమోనియా కావచ్చు, వెంటనే తీసుకెళ్లాలి. దీనికి యంత్రం అక్కర్లేదు. లెక్కలు వచ్చిన మనిషి, ఒక గడియారం ఉంటే చాలు. ఆ రెండూ ప్రతి బడిలో ఉన్నాయి.

లెక్కలంటే గుర్తొచ్చింది. సెలైన్ చుక్కల లెక్క దగ్గర ఆమె సూత్రం రాసి అంకెలు వేసింది. 500 మిల్లీలీటర్లు, నాలుగు గంటల్లో ఎక్కించాలి, ఆ సెట్టులో మిల్లీలీటరుకు 15 చుక్కలు. 500ను 15తో హెచ్చవేసి, నాలుగుతో భాగించి, నిమిషానికి 1875 చుక్కలు అని రాసింది. "అవి చుక్కలా, తాలిపేరు వరదా?" అన్నాను. గంటలను నిమిషాలు చేయలేదు. 7500 చుక్కలను 240 నిమిషాలతో భాగిస్తే 31 వస్తుంది. అంటే రెండు సెకన్లకు సుమారు ఒక చుక్క. ఇది మా ఐదో తరగతి లెక్కే. జవాబు వచ్చాక అది జరిగే పనేనా అని ఒక్కసారి కళ్లముందు ఊహించుకోవాలి. బడిలో అయితే ఒక మార్కు పోతుంది, అక్కడ మనిషి పోతారు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి ఆమెకు నాకన్నా బాగా వచ్చు. 1820 మే 12న పుట్టింది, క్రిమియా యుద్ధం, 1859లో పుస్తకం, 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగ్ బడి. గాలి, వెలుతురు, శుభ్రత, తిండి చూసుకోవడం కూడా వైద్యమే అన్న మనిషి. నాకు మాత్రం చేతుల శుభ్రత పాఠంలో సెమ్మెల్‌వైస్ కథ నచ్చింది. 1847లో వియన్నాలో, శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని కనిపెట్టి, క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. చదువుకున్నవాళ్లు చేతులు కడుక్కోమంటే నొచ్చుకున్నారు. మా ఊరి వడ్డె మాట వినలేదని పైనుంచి వచ్చినవాళ్లు మమ్మల్ని మూఢులంటారు, సరే. మూఢత్వానికి కులం, డిగ్రీ అడ్డురావు.

పడక పుండ్ల పాఠం దగ్గర నేనే ఆగిపోయాను. మా పెదనాన్న తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుం కింద చచ్చుబడింది. ఏడు నెలలు మంచం మీద ఉన్నాడు. నడుం కింది ఎముక దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడ్డాయి. ఆ పుండ్లే ఆయన్ని తీసుకుపోయాయి. చెట్టు మీంచి పడిన దెబ్బలో అది కూడా ఒక భాగమని మేమందరం అనుకున్నాం. పుస్తకంలో అర పేజీ ఉంది: రెండు గంటలకోసారి పక్క మార్చాలి, చర్మం తడి లేకుండా ఉంచాలి, దుప్పటి ముడతలు లేకుండా పరవాలి, ఎముక పొడుచుకొచ్చే చోట్లు రోజూ చూడాలి. మా ఇంట్లో ఎప్పుడూ నలుగురైదుగురం ఉండేవాళ్లం. తిప్పడానికి చేతులకు కరువు లేదు. చెప్పిన మనిషే లేరు. ఆ రోజు ఇంక చదువు సాగలేదు.

నొప్పి గురించి కూడా ఒక మాట రాయాలి, ఇది నా తప్పు కాబట్టి. నొప్పిని థర్మామీటరుతో కొలవలేం. సున్నా నుంచి పది దాకా ఎంతుందని రోగినే అడగాలి, చెప్పింది నమ్మాలి అని ఆ పుస్తకంలో ఉంది. మా బడిలో ఒక అబ్బాయి కాళ్లు, కీళ్లు నొప్పులని చలికాలంలో తరచూ మానేసేవాడు. దొంగ నొప్పులని ఒకసారి ఎండలో నిలబెట్టాను. తర్వాత రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది. ఇప్పుడు 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మన పిల్లలకు ఆ పరీక్ష చేస్తున్నారు. అప్పుడు లేదు. కానీ ఆ అబ్బాయి నోరు అప్పుడూ ఉంది, నొప్పి అని చెప్పింది. సబ్జెక్టివ్ డేటాను నేను కూడా కొట్టిపారేశాను. నర్సమ్మ మీద మిగిలిన సగం కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బడిలో మన పిల్లలకు మన భాష తెలిసిన టీచరు కావాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాం. ఆసుపత్రి మంచం పక్కన మన భాష తెలిసిన నర్సు కావాలని అంత గట్టిగా ఎందుకు అడగలేదో నాకు అర్థం కాదు. వాళ్ల పుస్తకంలో కమ్యూనికేషన్ అధ్యాయంలో అడ్డంకుల జాబితా ఉంది, అందులో భాష కూడా ఉంది. భాష తెలియకపోతే దుబాసీని పెట్టుకోవాలని పరిష్కారం రాశారు. "దుబాసీ లేకపోతే ఏం రాయాలి బాబాయ్?" అని అడిగింది. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయమన్నాను.

ఏప్రిల్ చివర్లో హాస్టలుకు వెళ్లిపోయింది. సప్లిమెంటరీ రాయాలి. పోయేముందు నా దగ్గర ఒక తెల్లకాగితాల నోటుబుక్కు తీసుకుంది. మూడు గళ్లు గీసింది: ఇంగ్లీషు, తెలుగు, కోయ. తన గదిలో ఉన్న లంబాడా అమ్మాయి నాలుగో గడి గీయమందట. నీళ్లు, ఆకలి, చలి, వాంతి, కళ్లు తిరగడం వరకూ మొదటి పేజీ నిండింది. నొప్పుల దగ్గర ఆగింది. పొడిచినట్టుండే నొప్పికి, మంటగా ఉండే నొప్పికి, పీకే నొప్పికి, పురిటి నొప్పికి మాలో వేరువేరు మాటలున్నాయి. నాకు రెండే తెలుసు. మిగతావి వాళ్లమ్మను అడిగి ఫోన్లో చెప్పమంది. మా వదిన తునికాకు కల్లం నుంచి రాగానే అడగాలి.