సీసా మీద అంకె

బీరు మందు కాదని చాలాకాలం నమ్మాను. విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో చెవిన పడ్డ మాట అది. ఉద్యోగానికి బడ్జ్ బడ్జ్ వచ్చాక కూడా దాన్నే పట్టుకున్నాను. విస్కీ తాగితే తాగుబోతు, బీరు తాగితే సరదా మనిషి అన్నది మా లెక్క. ఇంట్లో ఎవరైనా అడిగితే "బీరే కదా" అంటే సరిపోయేది. ఆ మాట నా చేత ఏమేం చేయించిందో, దానివల్ల ఇంకొకరు ఎంత నష్టపోయారో దాచకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను.

బడ్జ్ బడ్జ్ కలకత్తాకి దక్షిణాన, హుగ్లీ తూర్పు గట్టున ఉంటుంది. సియాల్దాలో లోకల్ ఎక్కితే మాజేర్‌హాట్, సంతోష్‌పూర్, ఆక్రా, నంగీ దాటాక వచ్చే ఆఖరి స్టేషను. 1914 సెప్టెంబరు 29న కెనడా నుంచి కొమగాటా మారు ఓడలో వెనక్కి వచ్చిన పంజాబీల మీద కాల్పులు జరిగిన చోటు ఇదే. ఇప్పుడు స్టేషను పేరులో ఆ ఓడ పేరూ ఉంది. నది వెంబడి జూటు మిల్లులు, పెట్రోలు నిలవచేసే పెద్ద పెద్ద ట్యాంకులు. ఆ ట్యాంకుల మరమ్మతు పనులు చేయించడానికి నేను వచ్చాను. మిల్లు లైన్లలో మన తెలుగువాళ్ళున్నారని వచ్చాకే తెలిసింది. తూర్పు తీరం వెంట రైలు మార్గం పడ్డాక శ్రీకాకుళం, గంజాం వైపు పల్లెల నుంచి హుగ్లీ మిల్లులకు కూలికి వచ్చిన కుటుంబాల పిల్లలు, మనవలు వాళ్ళు. బెంగాలీ, హిందీ, మన ఉత్తరాంధ్ర యాస మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతారు.

అక్కడే మావయ్య పరిచయం. వరసకు మావయ్య కాడు. మగ్గాల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. మాదీ శ్రీకాకుళం వైపే అని తెలిసిన రోజునే నన్ను అల్లుణ్ణి చేసుకున్నాడు. ఆదివారం సాయంత్రం ఆయన ఒక్క బీరు తాగేవాడు. అదీ మైల్డు. మన దగ్గర లైట్ అంటామే, అది. కల్యాణి పట్నంలో తయారై ఆ ఊరి పేరే పెట్టుకున్న కల్యాణి బ్లాక్ లేబుల్ గురించి పాత చుట్టం గురించి చెప్పినట్టు చెప్పేవాడు. గాజు గ్లాసు కాస్త వంచి, గోడ వెంట జారేలా పోసి, నురగ రెండు వేళ్ళ మందానికి దిగేదాకా ఆగేవాడు. అత్తయ్య ఎండు నెత్తళ్ళు తలలు గిల్లి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి కరకరలాడేలా వేపి తెచ్చేది. ఒక గుక్క, ఒక నెత్తడు. ఒక్క సీసాతో ఆ పూటంతా గడిచిపోయేది.

నాకది చేతకాని తాగుడులా కనిపించేది. నేను స్ట్రాంగ్ మనిషిని. కేఎఫ్ స్ట్రాంగ్, హేవార్డ్స్ 5000, నాకౌట్, ఏది దొరికితే అది. పళ్ళు జివ్వుమనేంత కూలింగ్ ఉండాలి, గబగబా దించాలి, అంతే. రుచి ఎలా ఉందని అడిగితే "కిక్కు బాగుంది" అనేవాణ్ణి. అది ప్రశ్నకు జవాబు కాదని కూడా తోచేది కాదు. అంత చల్లటిది నాలుక మీద పడితే నాలుక మొద్దుబారుతుంది. మొద్దుబారిన నాలుకకు బార్లీ లేదు, చేదునిచ్చే హాప్స్ లేదు. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాలు పెంచడానికి బార్లీతో పాటు పంచదార లాంటివి కూడా పులియబెడతారు. అందుకే అది కాస్త వెచ్చబడితే తీపి, మంట కలిసి గొంతుకు అడ్డం పడుతుంది. నేను అంత చల్లగా తాగింది ఆ రుచి తెలియకుండా ఉండడానికే.

మా గదిలో ఇంకో తంతు నడిచేది. సీసా మూత తీసి నీళ్ళ గ్లాసులో తలకిందులుగా నిలబెట్టేవాళ్ళం. అడుగుకు నూనెలా తీగలుతీగలుగా దిగేది. "చూడు, గ్లిసరిన్ పోతోంది, ఇక తలనొప్పి రాదు" అని కొత్తవాళ్ళకు నేనే పాఠం చెప్పేవాణ్ణి. అలా దిగేది బీరే. నీళ్ళకంటే కాస్త బరువు కాబట్టి కిందికి జారుతుంది, దాని జాగాలోకి నీళ్ళెక్కుతాయి. తలనొప్పి వచ్చేది తాగిన మోతాదు వల్ల. ఆ మోతాదు మాట మాత్రం మా గదిలో ఎవరూ ఎత్తేవారు కాదు.

ఈ ఊళ్ళో తాగుడుకు ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. సిరాజుద్దౌలా చేతిలో పోయిన కలకత్తాను తిరిగి పట్టుకోవడానికి 1756లో క్లైవు, అడ్మిరల్ వాట్సన్ మద్రాసు నుంచి ఓడల్లో వచ్చారు. వాళ్ళతో మద్రాసు సిపాయిలూ వచ్చారు. అలాంటి సిపాయిలను బెంగాల్లో ఆ తర్వాత చాలాకాలం తెలింగాలనే పిలిచారు. దారిలో బడ్జ్ బడ్జ్ కోట అడ్డం. డిసెంబరు 29న కోట బయట సిరాజుద్దౌలా తరఫు మానిక్‌చంద్ సైన్యంతో పోరు జరిగింది. కోట మీదికి తెల్లవారి వెళ్దామనుకున్నారు. ఆ రాత్రి స్ట్రాహన్ అనే నావికుడు తప్పతాగి, ఒంటరిగా గోడ పగిలిన చోటు నుంచి లోపలికి దూరి, కోట నాదేనని కేకలు పెట్టాడు. అరుపులు విని మిగతావాళ్ళు వెంటబడ్డారు. కోట దొరికింది. క్రమశిక్షణ తప్పినందుకు వాట్సన్ అతన్ని నిలదీశాడు. దెబ్బలు తినాల్సివస్తే ఇకమీదట ఒంటరిగా ఏ కోటా పట్టనని అతను గొణుక్కుంటూ వెళ్ళాడంటారు.

సీసా తెరిచిన ప్రతిసారీ ఈ కథ చెప్పేవాణ్ణి, అందరూ నవ్వేవారు. చెప్పనిది ఒకటుంది. ఆ చీకట్లో, ఆ గందరగోళంలో కెప్టెన్ కాంప్‌బెల్ అనే అధికారి సొంతవాళ్ళ తుపాకీ గుండు తగిలి చచ్చిపోయాడు. ఆ సంగతి చదివాను, నాకు తెలుసు. అది చెబితే నవ్వు ఆగిపోతుందని వదిలేసేవాణ్ణి.

ఒక చలికాలం రాత్రి మావయ్య చిన్నకొడుకును బండి వెనక ఎక్కించుకుని బడ్జ్ బడ్జ్ ట్రంక్ రోడ్డు మీద వస్తున్నాను. స్ట్రాంగ్ సీసా ఒక్కటి ఖాళీ చేసి గంట కూడా కాలేదు. మలుపులో ఇసుక కనపడింది. కనపడ్డాక బ్రేకు మీదికి కాలు వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. నాకు మోకాలు దోక్కుపోయింది. ఆ కుర్రాడికి కుడి మణికట్టు విరిగింది. మోటార్లకు వైండింగ్ చుట్టి బతికేవాడు. కట్టు విప్పాక కూడా సన్నటి తీగ పట్టుకుంటే వేళ్ళు వణికేవి. నెలల తరబడి పనికి పోలేదు. ఆసుపత్రి ఖర్చు నేను పెట్టుకున్నాను. పోయిన పని ఖర్చు పెట్టి తేగలిగింది కాదు.

మావయ్య తిట్టలేదు. ఆసుపత్రి వరండాలో ఒక్కటే అడిగాడు. "ఎన్ని తాగినావు బాబూ?"

"ఒకటే మావయ్యా. బీరే."

మర్నాడు ఇంటికి రమ్మన్నాడు. నేను తాగే రకం ఖాళీ సీసా, తను తాగే రకం ఖాళీ సీసా పక్కపక్కన పెట్టాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. "అక్షరాలు నాకు రావు. అంకెలొస్తాయి. ఆ అంకె సదువు" అన్నాడు. నా సీసా మీద ఎనిమిది. ఆయన సీసా మీద ఐదు. "మా అయ్యా ఇలాగే ఒకటే అనేవోడు. హప్తా డబ్బులు ఇంటికొచ్చీవి కావు." అంతకుమించి ఏమీ అనలేదు.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క కట్టాను. చదువుకున్నవాణ్ణి, ట్యాంకుల్లో ఎన్ని కిలోలీటర్లు పడతాయో రోజూ లెక్కగట్టేవాణ్ణి, ఈ లెక్క మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతం అంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు. మన విస్కీలో 42.8 శాతం ఉంటుంది కాబట్టి 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో పదమూడుకు కాస్త తక్కువ. అంటే ఒక స్ట్రాంగ్ బీరు నాలుగు చిన్న పెగ్గులు. మైల్డు సీసా అయినా రెండున్నర పెగ్గులు. నాలుగు పెగ్గుల విస్కీ తాగి బండి తీస్తావా అని ఎవరైనా అడిగితే ఛీ అనేవాణ్ణి. అదే పని చేస్తూనే ఉన్నాను. చట్టం ప్రకారం బండి నడిపేవాడి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించకూడదు. మామూలు ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి ఒక స్ట్రాంగ్ బీరు గబగబా తాగితే ఆ గీత ఎప్పుడో దాటిపోతాడు. ఆ సీసాను ఒళ్ళు పూర్తిగా వదిలించుకోవడానికి ఐదు గంటలైనా పడుతుంది. టీ తాగినా, మొహం కడుక్కున్నా ఆ టైము తగ్గదు.

స్ట్రాంగ్ మానేశాను. బుద్ధి వచ్చిందనుకున్నాను. వచ్చింది సగమే.

జీతం పెరిగింది. కలకత్తా పార్క్ స్ట్రీట్ బార్లు అలవాటయ్యాయి. ఈసారి అంకె బదులు పేరు పట్టుకున్నాను. గోధుమ బీరు, స్టౌట్, ఐపీఏ. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, మన దేశం కోసమే పుట్టిందని మావయ్యకు ఉపన్యాసం ఇచ్చాను. లండన్‌లో హాడ్జ్‌సన్ అనే ఆయన ఓడ ప్రయాణంలో బీరు చెడిపోకుండా హాప్స్ ఎక్కువ వేసి దీన్ని కనిపెట్టాడని, ఆ పీపాలు మీ ఊరి ముందు నుంచే కలకత్తా వెళ్ళాయని చెప్పాను. పీపాలు ఈ నది మీదుగా వెళ్ళిన మాట నిజం. ఆఫ్రికా చుట్టూ తిరిగి, భూమధ్యరేఖ రెండుసార్లు దాటి, నెలల తరబడి ఊగి వచ్చేవి. కనిపెట్టాడన్న మాట మాత్రం నిలబడదు. ఎక్కువ హాప్స్ వేస్తే బీరు నిలవుంటుందని అంతకుముందే తెలుసు. హాడ్జ్‌సన్ బీరు బట్టీ ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవుకు దగ్గర, ఓడల వాళ్ళకు బీరు అరువిచ్చేవాడు, అందుకే వ్యాపారం ఆయనకు దక్కింది. మామూలు సోల్జర్లు తాగింది నల్లటి పోర్టరు, అది కూడా అదే సముద్రం దాటి బాగానే వచ్చేది. 1820ల్లో ఇంగ్లండులోని బర్టన్ ఊరి బీరు వ్యాపారి ఆల్సప్ రంగంలోకి దిగాక, అక్కడి జిప్సం నీళ్ళతో చేసిన బీరు ముందు హాడ్జ్‌సన్ వెనకబడ్డాడు. బార్లో విన్న కథను పరీక్షించకుండా పెద్దాయనకు పాఠంలా చెప్పడం నా రెండో తప్పుకు మొదలు.

ఆ తప్పు ముదిరింది ఒక ఆదివారం. ఖరీదు పెట్టి ఒక విదేశీ బీరు కొన్నాను. పచ్చసీసా, చూడ్డానికి అందంగా ఉందని గది కిటికీలో పెట్టుకున్నాను. పొద్దుటెండ నేరుగా పడే కిటికీ. కొన్నాళ్ళకు దాన్నే చల్లబరిచి మావయ్య ఇంటికి పట్టుకెళ్ళాను. గ్లాసులో పోయగానే గంధకం కంపు లేచింది. ఆయన ముక్కు కాస్త వెనక్కి తీశాడు. నేను ఆగలేదు. "ఫారిన్ వాసన అలాగే ఉంటుంది మావయ్యా, అలవాటు పడాలి" అన్నాను. ఆయన నా మొహం చూసి, ఏమీ అనకుండా, గ్లాసంతా తాగాడు. ఆ పూట నెత్తళ్ళు ముట్టలేదు.

ఎండ తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి ఆ కంపు పుడుతుందని తర్వాత తెలుసుకున్నాను. ముదురు గోధుమరంగు సీసా వెలుతురును చాలామటుకు ఆపుతుంది. పచ్చసీసా, తెల్లసీసా ఆపలేవు. మన ఎండలో కొట్టు ముందు కేసులు పేర్చి ఉంటే ఆ పచ్చసీసా ఎంత గొప్ప కంపెనీదైనా కొనకూడదు. పాడైన బీరు అది. పాడైందని చదువు లేని ముక్కు చెప్పింది, చదువుకున్న నేను కాదన్నాను. నా మాట పోకూడదని ఒక పెద్దమనిషి పాడైన గ్లాసు మింగాడు. మణికట్టు సంగతి తర్వాత నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఆ తర్వాత నా నాలుకనే అడగడం మొదలుపెట్టాను. చాలా చల్లగా కాకుండా, ఫ్రిజ్ నుంచి తీసి కాసేపు ఆగి, గ్లాసులో పోసుకుని, వాసన చూసి, నిదానంగా. అప్పుడు తేలినవి ఇవి. ఐపీఏ చేదు నాకు సరిపడదు. ఏళ్ళ తరబడి బాగుందని నటించాను. బెల్జియం తరహా గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు, అది చేప వేపుడుతో హాయిగా పోతుంది. జర్మన్ తరహా దానిలో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అవేవీ వెయ్యరు, ఈస్టు పుట్టించే వాసన అది. స్టౌటుకు మాడబెట్టిన బార్లీ వల్ల కాఫీ చేదు. డిసెంబరు చలిలో ఒక చిన్న గ్లాసు చాలు. మే నెల ఉక్కలో, హుగ్లీ మీద గాలి ఆగిపోయిన సాయంత్రం, ఇవేవీ కాదు. ముందు నుంచీ మావయ్య తాగిన మైల్డు లాగరే. చల్లటి గదిలో నెమ్మదిగా పులిసే రకం కాబట్టి దానికి హడావుడి వాసనలుండవు. మొదట బార్లీ తీపి, చివర చిన్న చేదు, నోరు శుభ్రం. ఖరీదైన వాటి దగ్గర వెతికింది నాకు చవకైన సీసాలో దొరికింది. ఇంకొకరికి హేవార్డ్సే రుచిగా ఉండొచ్చు. ఆ రుచి వాళ్ళది. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

రుచి ఎవరిదైనా సీసా మీది అంకె అందరికీ ఒకటే. బీరు తాగని వాళ్ళు మొదలుపెట్టక్కర్లేదు, తాగేవాళ్ళు ఈసారి మూత తీసేముందు ఆ అంకె చదవండి, తయారైన తేదీ చూడండి. మీ ఇంటికి బండి మీద వచ్చినవాడికి మాత్రం, ఎంత దగ్గరివాడైనా, ఎంత బతిమాలినా, తాళంచెవి తీసుకోకుండా సీసా తెరవకండి.