సలేశ్వరం బాటలో కమాను కట్ట

శ్రీశైలం దారిలో మన్ననూరు దాటితే నల్లమలే. ఒకప్పటి మహబూబ్‌నగర్, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఏటా చైత్ర పౌర్ణమికి ఇక్కడ సలేశ్వరం జాతర. ఫర్హాబాద్ దగ్గర తారురోడ్డు వదిలితే రాళ్లబాట.

ఆ కుదుపులు చూస్తే, పికప్ ఉన్న ఎవరికైనా కమాను కట్టలో ఇంకో పట్టీ వేయిద్దామనిపిస్తుంది. బండి లేస్తుంది, అడుగుభాగం రాయికి తగలదు. నిజమే! కానీ ఖాళీ బండికి ఆ పట్టీ వంగదు. గుంతలో చక్రం గాల్లో తిరుగుతుంది. ఎత్తు పెరిగితే మలుపులో ఒరిగే ప్రమాదమూ ఎక్కువే. పైగా కంపెనీ ఇచ్చిన కొలతలు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

మంచి టైర్లు, మొదటి గేరు, ఓపిక... ఇవి చాలు. ఎంత గట్టి బండైనా చివరికి ఆగాల్సిందే. లింగయ్యను చూడాలంటే లోయలోకి కాళ్లతోనే దిగాలి మరి!