మా శ్రీరాంపూర్ బతుకమ్మ, నా పూల లెక్క

మంచిర్యాలలో బస్సెక్కి మా శ్రీరాంపూర్ వస్తుంటే ముందుగా కనిపించేవి బొగ్గు లారీలు, దుమ్మే. కానీ పెత్రమాస నుంచి సద్దుల దాకా ఆ తొమ్మిది రోజుల్లో ఒకసారి రండి! సింగరేణి క్వార్టర్ల ముందు ఆడవాళ్లం పూలు గుట్టలుగా పోసుకుని కూర్చుంటాం. మొదటి షిఫ్టు చేసి బాయి నుంచి వచ్చే మగవాళ్ల చేతుల్లో టిఫిన్ డబ్బాతో పాటు తంగేడు కొమ్మలు కూడా ఉంటాయి.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఆ సంబరంలో, సద్దులకు ఎప్పటికంటే రెండింతల బతుకమ్మ పేర్చాలని నాకు బుద్ధి పుట్టింది. మా 14 అంగుళాల తాంబాళం పక్కన పెట్టి 28 అంగుళాలది అడిగి తెచ్చుకున్నా. రెండింతలే కదా అని పూలూ రెండింతలే తెప్పించా. ఇరవై నాలుగు వరుసలు అనుకుంటే ఎనిమిదో వరుసకే బుట్ట ఖాళీ! పొద్దు గూకుతోంది, నాకేమో ఏడుపొస్తోంది. లైన్లో వాళ్లు తలా దోసెడు పూలు తెచ్చి ఎలాగో ముగించారు. బోర్లించిన గంపలా ఉంది. "గిదేం లెక్క వదినా?" అని ఒకటే నవ్వులు.

ఇంటర్‌తో ఆగిన చదువు నాది. అయినా ఆ రాత్రి కాగితం తీశా. తాంబాళం వెడల్పును మూడుతో పెంచి, ఇంకాస్త కలిపితే చుట్టుకొలత. 14 అంగుళాలకు 44. బంతిపువ్వు రెండంగుళాలు ఉంటే అడుగు వరుసకు 22 పూలు. కొసన నాలుగు. రెండూ కలిపి సగం చేస్తే 13. పన్నెండు వరుసలైతే 156. వరుస మార్చి వరుస గునుగు పెడితే బంతి సగమే చాలు. గునుగు కట్ట అంగుళమే కాబట్టి, ఆ ఆరు వరుసలకు 156 కట్టలు కావాలి. వాడినవి పోతాయి కనుక ఇంకో రెండు దోసిళ్లు ఎక్కువ పెట్టుకోండి.

మరి 28 అంగుళాలకు? చుట్టూ రెండింతలే, వరుసలూ రెండింతలే. అంటే పూలు దాదాపు నాలుగింతలు! నేను తప్పింది అక్కడే.

ఇప్పుడు మా లైన్లో అందరూ ముందు నన్నడిగే పూలకు పోతారు. ఒకప్పుడు ఇంటి వెనకే దొరికిన తంగేడుకు ఇప్పుడు చాలా దూరం పోవాలి. అందుకే కావలసినంతే తెంపుతాం. అయినా నా బుట్టలో రెండు దోసిళ్లు ఎక్కువే ఉంచుతా. ఎవరికి తక్కువ పడతాయో ఎవరికి తెలుసు?