మాకినా వంతెన మీద

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మాకినా వంతెన ఎక్కే డ్రైవరు ముందు తేల్చుకోవలసింది ఏ లేన్ పట్టుకోవాలన్నది. బయటి లేన్ మామూలు రోడ్డే. లోపలి లేన్ మాత్రం ఉక్కు జాలీ. టైర్లు దానిమీదికి ఎక్కగానే గుయ్యిమని మోత మొదలవుతుంది. వంతెన నడుమ ఆ జాలీకి దాదాపు 200 అడుగుల దిగువన మిషిగన్, హ్యూరన్ సరస్సులను కలిపే జలసంధి.

ఆ జాలీలోని సందులు గాలికి దారి ఇవ్వడానికే.

1940లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా నారోస్ వంతెన ప్రారంభమైన నాలుగు నెలలకే మెలికలు తిరిగి కూలిపోయింది. అప్పుడు వీచింది తుపాను గాలేమీ కాదు, గంటకు సుమారు 64 కిలోమీటర్ల గాలి. ఆ వంతెన పక్కలకు ఉన్నవి గాలి దూరే వీలులేని ఉక్కు పలకలు. మాకినా రూపకర్త డేవిడ్ స్టెయిన్‌మన్ ఆ పాఠాన్ని వదల్లేదు. లోతైన ట్రస్సులు, అంటే గాలి దూరే ఉక్కు చట్రాలు పెట్టాడు, రోడ్డులోంచి గాలి పోనిచ్చాడు. సుమారు 8 కిలోమీటర్ల ఆ వంతెన మీద 1957 నుంచి బండ్లు తిరుగుతున్నాయి.

పెనుగాలిలో నడిమి భాగం 35 అడుగుల దాకా పక్కకు జరగగలదు. ఉయ్యాలలా ఊగదు, మెల్లగా జరిగి, గాలి తగ్గాక మెల్లగా వెనక్కి వస్తుంది. ఆ కదలికే దానికి రక్ష అని ఎంత చెప్పినా అందరికీ గుండె నిలవదు. అలాంటివారి కారును వంతెన సిబ్బందే నడిపి అవతలికి చేరుస్తారు. ట్రస్సుల లెక్కల్లో ఉన్నంత శ్రద్ధ ఈ ఏర్పాటులోనూ ఉంది. ఉత్తరం వైపు నుంచి వచ్చేవారు టోలు బూత్ దగ్గర అడిగితే చాలు.